చేప మందు

బుధవారం, రాత్రి

షిఫ్టు దిగి వచ్చేసరికి అక్వేరియంలో నీళ్లు సిరా పోసినట్టు నీలంగా ఉన్నాయి. ఒంటిపై తెల్లమచ్చలొచ్చిన గోల్డ్‌ఫిష్ పైకి తేలి, నోరు తెరిచి గాలి మింగుతోంది. మందు పొద్దునే నేను వేసి వెళ్లాను.

"నువ్వు మర్సినవనుకొని నేనేసిన," అంది నా భార్య లత.

"నేను గూడ ఏసిన వదినా," అన్నాడు తమ్ముడు.

పత్తర్‌గట్టిలో ఈ మందమ్మిన దుకాణం భాయ్ చెప్పనే చెప్పాడు, ఎక్కువేస్తే రోగం కన్నా ముందు మందే చంపుతుందని. తిట్టే ఓపిక కూడా లేదు. సగం నీళ్లు తోడి పారబోసి కొత్తవి నింపాను.

బకెట్ దించుతుంటే అనుమానమొచ్చింది. అమ్మకు ఈ మధ్య ఊరికే కళ్లు తిరుగుతున్నాయి.

"అమ్మకు బీపీ గోలీ ఎవలిస్తున్నరు?" అని అడిగాను.

ఇద్దరూ ఒక్కసారే "నేనే" అన్నారు.

పొద్దున షిఫ్టుకు పోయేముందు నేనూ ఇస్తున్నాను. అమ్మ ఎవరిచ్చినా కాదనదు.