పరుపుల దొంతర కింద పొర

బిష్కెక్,
శుక్రవారం

బురుల్ అక్కకు,

మీ పొయ్యికని నేను పంపితే నువ్వు తిప్పి పంపిన గ్యాసు వడకట్టే పొర అందింది. పార్సిల్ విప్పుతుంటే బావ కత్తి తగిలి చీరుకుపోయిందనీ, అత్తగారి కంటబడకుండా పొయ్యి పక్కనున్న పరుపుల దొంతర కింద దాచాననీ, మన్నించమనీ రాశావు. ఏదే అక్కా ఆ చీలిక? పరీక్షపెట్టి చూశాం. ఎక్కడా కారడం లేదు. పేడ గ్యాసులోని మండని గాలిని శుభ్రంగా వేరుచేస్తోంది.

తెగితే తనంతట తానే అతుక్కునే పొర కోసం మూడేళ్లుగా తంటాలు పడుతున్నాం. వెచ్చబెడితే అతుక్కునేది గానీ సన్నగా కారేది. మా ప్రయోగశాల పెద్దాయన "ఇక కట్టిపెట్టమ్మా" అనేశాడు. ఇవాళ ఆయనే, "మీ అక్క దానిమీద ఎంత బరువు పెట్టింది, ఎన్నాళ్లుంచింది?" అని నా ప్రాణం తీస్తున్నాడు.

కాబట్టి దొంతరలో ఎన్ని పరుపులున్నాయో, పొరను ఎన్నాళ్లుంచావో చూసి రాయి. నీకు ఇంకో పొర పంపుతున్నాను. దాంతో మీ పొయ్యి నీలంగా మండుతుంది. బావను మాత్రం ఈసారి పార్సిల్ దగ్గరికి రానీయకు.

ఇంకో మాట. ఆ దొంతర అడుగున అమ్మ నాకోసం కుట్టిన ఉన్ని పరుపు ఉంటుంది. ఊరు విడిచేటప్పుడు మరీ బరువని మీ ఇంట్లో వదిలేసి వచ్చాను. దాన్ని పంపించు. ఇప్పుడు ఆ బరువే కావాలి.

నీ చెల్లెలు