ఆఫ్రికా బండికి డ్రైవర్

జూలై 28, సోమవారం

లారీల వెనక రాతలు కూడబలుక్కుని అక్షరాలు నేర్చినవాణ్ణి. తప్పులుంటే ఉండనీ. ఎవరు చూస్తారు.

అక్టోబర్‌లో నమీబియా పోతున్నాం. ఆఫ్రికాలో ఒక దేశం. నేను, నా కూతురి బిడ్డ అంకిత, దాని దోస్తు లాస్య. అక్కడి అడవిలో తిరగడానికి బండి కిరాయికి ఇస్తారు, డ్రైవర్‌ను ఇవ్వరు. అంకిత డ్రైవింగ్ నిజామాబాద్‌లో బ్యాంకుకు పోయి రావడం వరకే. గా మట్టిరోడ్లు నాతోని కాదు తాతా, నువ్వే డ్రైవర్‌వి, నువ్వు రాకుంటె అంతా క్యాన్సిలే అంది. బోధన్ ఫ్యాక్టరీకి ముప్పై ఏళ్లు చెరుకు లారీ తోలాను. నన్ను కాక ఎవరిని అడుగుతుంది.

ఆగస్టు 3, ఆదివారం

ఫోన్‌లో వీడియోలు చూపించింది. ఒక్కటీ బుర్రకెక్కలేదు. పడుకునే గుడారం బండి టాపు మీద ఉంటుందట. నిచ్చెన ఎక్కాలట. ఇసుక వస్తే టైర్లలో గాలి తీసెయ్యాలట. గాలి తీసి ఎవడన్నా బండి నడుపుతాడా? గాలి తక్కువుంటే మేం లారీని యార్డు దాటనిచ్చేవాళ్లమే కాదు. దారిలో బండి దిగకూడదట. మరి ఒంటికి వస్తే? కంచె ఉన్న చోటు వచ్చేదాక ఆపుకోవాలె తాతా అంది. అది నా చేతిలో ఉందా.

ఏనుగు ఎదురొస్తే హారన్ కొట్టొద్దట, మెల్లగా వెనక్కి పోవాలట. హారన్ కొట్టకుండా నేను మా వాకిలి కూడా దాటలేదు.

పులులుంటాయా అని అడిగాను. ఆఫ్రికాలో పులులే లేవంది. పులి లేని అడవేం అడవి.

స్టీరింగ్ మాత్రం మనలాగే కుడిపక్క. అదొక్కటి అర్థమైంది.

ఆగస్టు 6, బుధవారం

పరాయి దేశంలో నడపాలంటే వేరే పర్మిట్ కావాలి. ఏజెంట్ వెంకటి నా కాయితాలు చూసి నవ్వాడు. భోజన్నా, లైసెన్సుల నీకు డెబ్బై ఏడు, పాస్‌పోర్టుల డెబ్బై నాలుగు, ఇద్దరన్నదమ్ములా మీరు అన్నాడు.

అది నా అబద్ధమే. పంతొమ్మిది వందల అరవై ఎనిమిదిలో లారీ లైసెన్సుకు ఇరవై నిండాలన్నారు. నాకు పదిహేడు. మూడేళ్లు కలిపి చెప్పాను. ఇన్నేళ్లూ ఎవరికీ చెప్పలేదు.

అంకిత ముఖం మాడిపోయింది. డెబ్బై ఐదు దాటినవాళ్ల చేతికి ఆ కిరాయి కంపెనీ బండి ఇవ్వదట. గంత పరేషాన్ ఎందుకు, అఫిడవిట్ పెట్టి లైసెన్సు దిద్దిద్దాం, అసలు వయసు డెబ్బై నాలుగే కద అన్నాడు వెంకటి. అవునన్నాను.

ఆగస్టు 9, రాఖీ పున్నమి

అక్క ముత్తవ్వకు నడక తగ్గింది. మోస్రాకు నేనే పోయి రాఖీ కట్టించుకున్నాను. వయసు గొడవ చెప్పాను. అక్క పకపకా నవ్వింది. డెబ్బై నాలుగని ఎవడు చెప్పిండురా? పోలీస్ యాక్షన్ నాడు నువ్వు నా సంకల ఉన్నవ్. అందరం చెరుకుల దాసుకుంటిమి. నువ్వు ఒక్కటే ఏడుపు. అవ్వ నీ నోట్ల బెల్లం గడ్డ పెట్టి మూసింది అంది.

పోలీస్ యాక్షన్ నలభై ఎనిమిదిలో. వేళ్ల మీద నాలుగుసార్లు లెక్కపెట్టాను. డెబ్బై ఏడే. పొట్టిగా ఉండేవాణ్ణి కాబట్టి అందరూ చిన్నోడన్నారు, నేనూ నమ్మాను.

అంటే అప్పుడు అబద్ధం చెప్పాననుకుని నిజమే చెప్పాను. ఇప్పుడు వెంకటి దాన్ని దిద్ది అబద్ధం చేస్తున్నాడు. తల తిరుగుతోంది.

ఆగస్టు 10

అక్కకు ఎనభై ఐదు. మొన్న గ్యాస్ ఆపడం మరిచింది. ఆమె మాట ఎవరు పట్టుకుంటారు.

ఆగస్టు 17, ఆదివారం

పక్కింటివాళ్ల బొలేరోతో వర్ని కాలువ గట్టు మీద ప్రాక్టీస్. నేను తోలాను, పిల్లలిద్దరూ ఎక్కారు. టైర్లలో సగం గాలి తీశాం. బురదలో దిగబడకుండా పోయింది. ఒప్పుకోక తప్పలేదు.

మళ్లీ గాలి నింపుకుని వస్తుంటే రోడ్డు మధ్యలో బర్రె. పట్టపగలు. అంకిత అరిచింది. అరిచాకే చూశాను. దాని కాళ్లకు జానెడు దూరంలో బండి ఆగింది. ఓ ముసలోడా, కండ్లు ఏడ పెట్టినవ్ అని బర్రె కాసేవాడు తిట్టాడు. వాడికీ డెబ్బై ఉంటాయి. పోనీ తాతా, ఏనుగైతె ఇంకా పెద్దగుంటది, కనబడ్తది అంది లాస్య. బ్రేకు పట్టలేదన్నాను.

ఆగస్టు 19

మెకానిక్ మార్కండేయ బ్రేకులు విప్పి చూశాడు. బాగానే ఉన్నాయట.

సెప్టెంబర్ 3, బుధవారం

పర్మిట్ వచ్చింది. లైసెన్సు కూడా దిద్ది ఇచ్చారు. అన్నింట్లో డెబ్బై నాలుగు. ఇగ నువ్వు సింహాల నడుమ తోలుకో అన్నా అని వెంకటి చెయ్యి కలిపాడు. అంకిత మిఠాయి తెచ్చింది.

నాకు నోట్లో పెట్టుకోబుద్ధి కాలేదు. కాయితం నడపమంటోంది. అక్క మాట, బర్రె వద్దంటున్నాయి. నడపనంటే పిల్లల ప్రయాణం పోతుంది. నడిపితే పక్కన ఉండేది ఆ పిల్లలే. ఏం చెయ్యాలో తెలియడం లేదు. ఎవరిని అడగాలో కూడా తెలియడం లేదు.

సెప్టెంబర్ 7, ఆదివారం

అంకితకు అక్క చెప్పింది చెప్పాను. బర్రెను నేను చూడలేదని కూడా చెప్పాను. రెండోది నోరు దాటడానికి పొద్దు గూకింది.

పోనీ తాతా, క్యాన్సిల్ చేద్దాం అంది. ఎందుకే, నీకు చేతులు లేవా అన్నాను. భయమైతది అంది. నాకూ అయ్యేది, పదిహేడేళ్లకు. కాదు, ఇరవైకి.

సెప్టెంబర్ 14, ఆదివారం

మూడు గంటలు కాలువ గట్టు మీదే. అంకిత క్లచ్ తొక్కి పెట్టి నడిపితే తిట్టాను. ఏడ్చింది. స్టీరింగ్ నాకిచ్చి దిగబోయింది. దానికంటే ముందు నేనే దిగి, ఊరి దిక్కు నడిచాను. పోతూనే ఉన్నాను. అర కిలోమీటరు పోయాక వెనక హారన్ మోగింది. బండి తెచ్చింది. ఎక్కు తాతా, నీకు నడిచే వయసా అంది.

సెప్టెంబర్ 16

కిరాయి కంపెనీ ఫారం ఫోన్‌లో నింపాం. డ్రైవర్ దగ్గర అంకిత పేరు. నా పేరు పక్కన ప్యాసింజర్ అని కొట్టబోయింది. క్లీనర్ అని కొట్టమన్నాను. గట్ల లేదు తాతా అంది. కింద ఖాళీ గడి చూపించి అందులో కొట్టించాను.

క్లీనర్ వయసు వాళ్లు అడగలేదు.