నీ పేరు మీద చెప్పిన మాట

నర్సీపట్నం,
మంగళవారం.

అన్నయ్యా,

నువ్వు ఫోనెత్తడం లేదు గనక రాస్తున్నాను. నాన్న పోయాక పెట్టిన ఆదరణ కూడికలో పాస్టరుగారు మైకులో ఏమన్నారో నువ్వూ విన్నావు. ఇంట్లోవాళ్ల విశ్వాసం చాలక మనిషి పోయాడన్నారు. మాత్ర మింగితే విశ్వాసం లేనట్టేనని ఆ రోజు నుంచి అమ్మ షుగరు మాత్రలు మానేసింది. ఇప్పుడు కాలి వేలు నల్లబడింది.

సువార్త రాసిన లూకా కూడా వైద్యుడేనని బైబిలు తీసి చూపించాను. "పంక్చర్లేసుకునేవోడివి, నాకు వాక్యం సెప్తావేట్రా? పెద్దోడు సెప్తే ఇంటాను" అంది.

పెద్దోడివి నువ్వు. క్రైస్తవ విశ్వాసాన్ని ఎలా సమర్థించాలో బెంగళూరులో ఎమ్మే చదువుతున్నావు. నాస్తికులందరికీ నీ దగ్గర జవాబుంది. సీటుకి సిఫార్సు లెటరిచ్చిన పాస్టరుగారి ముందు మాత్రం నోరు పెగల్లేదు.

అందుకే నిన్న అబద్ధమాడాను. నువ్వు ఫోన్ చేసి మాత్రలు వేసుకోమన్నావని చెప్పాను. వెంటనే వేసుకుంది. కానీ ఆదివారం ఆరాధన అయ్యాక, పాస్టరుగారి ముందే స్పీకరు పెట్టి నిన్ను అడుగుతుందట.

ఎత్తు. అవునని గట్టిగా చెప్పు. నువ్వు నీళ్లు నమిలితే అమ్మ మళ్లీ మానేస్తుంది. అప్పుడు ఆవిడకి చెప్పడానికి నా దగ్గర ఇంకో అబద్ధం లేదు.

నీ తమ్ముడు