గుమ్మం ముందు లెషోమా గడ్డ

మరిది సెఖౌకి,

మెడలో నాలుగు పూసలేసుకుని పెద్ద వైద్యుడిలా ఊరేగుతున్నావే, లెషోమా గడ్డ లోపలికి తాగేది కాదని నీకెవరూ చెప్పలేదా? పైనున్న ఎండు పొరలు ఒలిచి పుండుకి కట్టాలి. లోపలంతా విషం. నువ్వేమో దాన్ని దంచి మీ అన్నకి తాగించావు, చనిపోయిన మీ నాన్న కనిపించి కాలి పుండుకి మందు చెబుతాడని!

కనిపించాడట. "పద, పోదాం" అన్నాడట. మీ అన్న దుప్పటి కప్పుకుని ఆయన వెంట బయల్దేరబోయాడు. ఇవాళే కాస్త జొన్న గంజి గొంతు దిగింది. పొరలు నేనే కట్టాను, పుండు ఆరుతోంది.

నువ్వు పారిపోతూ వదిలేసిన రెండో గడ్డని, కీడు లోపలికి రాకుండా, మన పెద్దవాళ్ళలాగే గుమ్మం ముందు నాటాను. మహిమ గలదే. నువ్వు మళ్ళీ ఈ గడప తొక్కలేదు.

మీ వదిన