గొడుగు కొననా తల్లీ?

నా బంగారు తల్లికి,

నాన్న కోటి దీవెనలు. ఫోను పట్టుకుంటే నాకు "వద్దు" తప్ప మరో మాట రాదు కదా, అందుకే రాస్తున్నాను. ఎంత సంతోషంగా ఉందనుకున్నావు! ఎండలు మొదలైన దగ్గర్నుంచి నీ ఫోను రాలేదు. ఒక్కటంటే ఒక్కటి! కంటికి కనబడిందల్లా కొనేసి, మొగుడిచేత మాటపడి, ఏడుస్తూ వచ్చిన పిల్లవు. "ఏదైనా కొనాలనిపిస్తే చెయ్యి సంచీలోకి పోకముందే నాకు ఫోను చెయ్యి" అన్నాను. చేశావు. పూలకుండీ అన్నావు, వద్దన్నాను. ఇంకో జత చెప్పులన్నావు, "నీకున్నవి రెండు కాళ్ళే" అని ఫోను పెట్టేశాను. నాకు "వద్దు నాన్న" అని పేరు కూడా పెట్టావు. పెడితే పెట్టావు, జబ్బు కుదిరింది! మన సెలూన్లో గడ్డానికి కూర్చున్న ప్రతివాడికీ చెబుతున్నాను, "మా అమ్మాయికి మందు నేనే" అని. ఒకాయన నవ్వబోయి చెంప కోయించుకున్నాడు. తప్పు నాది కాదు.

నీ వద్దు నాన్న

తల్లీ,

నిన్న అల్లుడుగారు జుట్టు కత్తిరించుకోవడానికి వచ్చారు. కుర్చీలో కూర్చోగానే అందుకున్నాను, "ఎలా ఉంది బాబూ నా వైద్యం?" అని.

ఆయన అద్దంలో నా వంక చూడలేదు. "ఏమీ కొనడం లేదు మావయ్యా. మాట్లాడటమూ లేదు. ఆఫీసు నుంచి వచ్చి గోడవైపు తిరిగి పడుకుంటుంది. నాన్నకు ఫోను చెయ్యరాదా అంటే, 'నాన్నతో మాట్లాడాలంటే ఏదో ఒకటి కొనాలి కదా, నాకేమీ అక్కర్లేదు' అంది."

ఆ తర్వాత కత్తెర నా మాట వినలేదమ్మా. ఒక పక్క ఎక్కువ తెగింది.

సాయంత్రం సెలూన్ కట్టేసి బజారుకు పోయాను. పసుపుపచ్చ గొడుగు ఒకటి కనబడింది. వెంటనే నీకు ఫోను చేశాను, "గొడుగు కొననా తల్లీ?" అని.

"నువ్వా నాన్నా? ఒంట్లో బాగానే ఉందా?"

"బాగానే ఉంది. పసుపుపచ్చది. పిడి వంకీది."

అంతే! మొదలుపెట్టావు చూడు! "ఇంట్లో గొడుగు లేదా? ఉన్నది చిరిగిందా? నీకున్నది ఒక్క తలే కదా!" అమ్మో, ఎంత ఆనందమో! నా మాటలే, నా విసురే! తిట్టు తల్లీ, ఇంకా తిట్టు అనుకుంటూ ఉన్నాను. "వద్దు" అని ఠక్కున పెట్టేశావు.

ఫోను చెవి దగ్గర అలాగే ఉండిపోయింది. నువ్వెలా ఉన్నావని అడగనే లేదు. కొట్టువాడు "కావాలా వద్దా పెద్దాయనా?" అని ఒకటికి రెండుసార్లు అడిగాడు. నాకు వినిపించలేదు.

చెప్పుల కొట్లో నువ్వూ ఇలాగే నిలబడ్డావా తల్లీ?

గొడుగు కొనలేదు. కొనేస్తే, రేపు నిన్ను అడగడానికి నాకేముంటుంది?

నీ నాన్న