మొద్దు సూది వద్దన్నాను

మే 28
మా అమ్మాయి తూరిద్ వెన్నులోంచి నీరు తీశారు. అయిపోయింది! నా బంగారుతల్లి ఏడవలేదు, ఆస్పత్రి కారిడార్‌లో నేనే ఏడ్చాను. ముఖం కుడివైపు జారిపోయి వారమైంది. పిడుదు పురుగు కుట్టి వచ్చే జబ్బు కావచ్చట, ఇంకేదైనా పెద్దది కావచ్చట. రిజల్ట్ వస్తే గానీ ఏ మందో చెప్పరు. నలభై దాటిన కూతురు మళ్ళీ తన పాత గదిలో నిద్రపోతోంది. ఇలాంటప్పుడు ఇంత సంతోషమేమిటని నన్ను నేనే తిట్టుకున్నాను.

మే 30, ఆదివారం
ఆదివారం ఇంట్లో కూర్చుంటే మా చలిదేశం వాళ్ళకి పాపం చుట్టుకున్నట్టే. ఏ రోగానికైనా కొండగాలే మందు. తల నొప్పిగా ఉందని తూరిద్ అంటే, నాలుగడుగులు వేస్తే పోతుందన్నాను. ఫ్లాస్కులో కాఫీ, నారింజపళ్ళు. కొండదారిలో మొదటి మలుపు దగ్గరే నాచు మీద కూలబడింది. వాంతి. పడుకుంటే నొప్పి తగ్గుతోంది, లేస్తే తల పగిలిపోతోంది. వాన మొదలైంది. ఏం చెయ్యాలో తోచక నేనూ పక్కన పడుకున్నాను. పక్కింటి ఎస్పెన్ ట్రాక్టర్ ట్రాలీలో పడుకోబెట్టి కిందికి దింపాడు.

అదే రోజు, సాయంత్రం
గాలట, మందట. ముసలి గాడిదని నేను.

మే 31
మారిట్ డాక్టరమ్మకి ఫోన్ చేశాను. నడవడం వల్ల వచ్చింది కాదట. మొన్న నీరు తీయడానికి వాడిన సూది మొన కత్తిలాంటిదట. వెన్ను లోపలి పొర తెగింది, ఆ చిల్లులోంచి నీరు కారుతోంది, అందుకే లేస్తే నొప్పి. మామూలుగా దానంతటదే పూడుకుంటుందట. ఎక్కువైతే వెంటనే తీసుకు రమ్మంది.
ఆ తర్వాత అసలు మాట చెప్పింది. తీసిన నీటిలో రక్తం కలిసింది. రిజల్ట్ తేలలేదు. మళ్ళీ తీయాలి.
తూరిద్ దుప్పటి ముఖం మీదకి లాక్కుంది. "ముఖం ఇలాగే ఉండనీ నాన్నా. ఇంకోసారి నా వెన్ను ఎవర్నీ ముట్టుకోనివ్వను."

జూన్ 4
నొప్పి తగ్గింది. మాట మాత్రం మార్చుకోలేదు. సూప్ కుడి మూలనుంచి కారిపోతోంది. కుడి కన్ను మూతపడదు, పడుకునే ముందు రెప్పకి టేప్ వేస్తున్నాను. ఆ పెద్ద జబ్బే అయితే? లోపల అది పెరుగుతూంటే, మేం ఇక్కడ టేప్ వేసుకుంటూ కూర్చున్నామా?

జూన్ 7
మారిట్ డాక్టరమ్మే ఫోన్ చేసింది. స్పీకర్‌లో పెట్టాను. ఈసారి పెన్సిల్ మొనలాంటి, కొస మొద్దుగా ఉండే సన్నటి సూది వాడతానంది. అది పొరని కోయదట, పోగుల్ని పక్కకి జరిపి దూరుతుందట, తీశాక అవి మళ్ళీ దగ్గరవుతాయట. మాట ఇవ్వలేను గానీ, ఆ తలనొప్పి వచ్చేది చాలా తక్కువమందికి అంది.
బతుకంతా చేపలు కోసినవాణ్ణి. మొండికత్తితో కోస్తే కండ చిరుగుతుందని నాకు తెలుసు. ఊరుకోలేక అనేశాను: "మొద్దు సూది వద్దు డాక్టరమ్మా. మీ దగ్గరున్నవాటిలో బాగా పదునైంది చూసి వాడండి."
తూరిద్ నవ్వింది. సగం నోటితోనే, పొట్ట పట్టుకుని.
"మా నాన్నకి నేనూ కాడ్ చేపనే, మారిట్. మొద్దుదే కానివ్వండి. ఆయన్ని మాత్రం గదిలోకి రానివ్వకండి."

జూన్ 8, పొద్దున పది
నన్ను బయటే ఉంచి తలుపు వేశారు.

జూన్ 8, మధ్యాహ్నం
లేచి కూర్చుంది. తల ఎలా ఉందని అడిగాను. మళ్ళీ అడిగాను. ఇంకోసారి అడిగితే ఇంటికి నడిచే వెళ్ళిపోతానంది.

జూన్ 10
నొప్పి లేదు. నాకే నిద్ర లేదు.

జూన్ 14
పిడుదు జబ్బే! ఆ పెద్దది కాదు! మాత్రలు ఇచ్చారు. ముఖం మెల్లగా మామూలుకి తిరిగొస్తుందట, చాలామందికి వస్తుందట. ఎస్పెన్‌ని కావలించుకున్నాను. మా ఊళ్ళో ఎవరూ ఎవర్నీ కావలించుకోరు. పాపం, చేతులు ఎక్కడ పెట్టుకోవాలో తెలియక ఆకాశం చూశాడు.

జూన్ 15
తూరిద్ తల పట్టుకోకుండా ఒంటికాలి మీద నిలబడి మేజోడు వేసుకుంది. మారిట్‌కి ఫోన్ చేసి చెప్పాను. ఏమైనా ఇబ్బందా అని అడిగింది. లేదన్నాను. ఆ మొద్దు సూదే మంచిదని ఒప్పుకుని ఫోన్ పెట్టేశాను.