పోలయ్య మామ ఆర్పని కర్పూరం

1963 మార్చి, ఆదివారం

ఈ సెలవుకు ఇంటికి రాకుండా ఉండాల్సింది. లా చదువుతున్నానని ఇవాళ పంచాయతీ కాగితం నాచేత రాయించారు.

మా జాలరి పల్లె పెద్ద, పెద్దకాపు వల పోయింది. అనుమానం పోలయ్య మామ మీద. వెలిగించిన కర్పూరం ముందు పెట్టి, "ఆర్పి ప్రమాణం చెయ్యి, వదిలేస్తాం" అన్నాడు పెద్దకాపు.

మామ చెయ్యి చాపలేదు. "నిజానికైనా సరే, ప్రమాణం చేసినోడి ఇంట్లో దీపం నిలవదంటారు. నాకుండేది ఒక్క బిడ్డ. వల మాత్రం నేను తియ్యలా."

"అయితే తీసినట్టే" అని తేల్చేశాడు పెద్దకాపు. నెల రోజులు సముద్రం మీదికి పోకూడదని దురాయి వేశారు.

నేరం రుజువు చెయ్యాల్సింది నింద మోపినవాడే గాని ముద్దాయి కాదు. పొద్దున చదివిన పాఠమే అది. కానీ పెద్దల వరసలో నాన్న కూర్చుని ఉన్నాడు. "ప్రమాణానికి ఒప్పుకోలేదు" అని గుండ్రటి అక్షరాలతో రాశాను.

వేలిముద్ర వేసేముందు మామ అడిగాడు. "సరిగ్గా రాసినావా, అబ్బయా?"

తల ఊపాను.

"నువ్వు రాసినావంటే సరే" అని వేలు చాపాడు.

ఆ పాఠం నుంచి పరీక్షలో ప్రశ్న తప్పకుండా వస్తుందట. వస్తే నాకు పూర్తి మార్కులే.